సబ్బుకు ఎర్రబడని పసుపు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు మార్కెట్ యార్డుకు చేరేసరికి మా మామ పసుపు రాశి ముందు కూర్చుని ఉన్నాడట. పోయింది ఆయన సొంత అక్క. "కాంటా అయినంక వస్త, మీరు కానియ్యుండ్రి" అని కబురు తెచ్చిన మనిషిని తిప్పి పంపాడు. కాంటా మీద తూకం అయింది. సంచులు కుట్టారు, లారీకి ఎత్తారు. అప్పుడు వచ్చి వాకిట్లో నిలబడి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అక్క మీద ఎంత ప్రేమో అని వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నిజమే. అక్క ఇక ఎక్కడికీ పోదు, పసుపు ధర మాత్రం పొద్దు గూకేలోపు పడిపోవచ్చు.

ఆడవాళ్ళు ఇంకా నయం. దేవత అన్నారు. నోట్లో నాలుక లేని మనిషి అన్నారు. వీళ్ళు తప్పిపోయి మా ఇంటికి వచ్చారేమో అనుకున్నాను. మా పెద్దమ్మకు ఈ లోకంలో నాలుక తప్ప ఇంకో ఆస్తి లేదు. ఆమె మెత్తటి మనిషి కాదు, అందరితో మంచిగా ఉండేది కాదు. చనిపోయిందని ఆమెను మంచిదాన్ని చేస్తే ఆమే లేచి తిడుతుంది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆమె మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, అక్క, కాబట్టి నాకు పెద్దమ్మ వరుస. చిన్న వయసులో భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసిందట. మా వాళ్ళది ఆర్మూర్‌లో పసుపు కమీషన్ వ్యాపారం. మా మామ కొంత సరుకు సొంతానికి కొని, ఇంటి వెనక రేకుల షెడ్డులో పోయించి, ఏరించి, ధర చూసి అమ్ముతాడు. ఆ ఏరే పని పెద్దమ్మది. కొమ్ములు ఒకవైపు, గుండు అనే గుండ్రటి దుంపలు ఒకవైపు, విరిగిపోయిన చూర ఒకవైపు. ఒక కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. టక్కుమంటే ఆరిన సరుకు. చప్పుడు లేకుండా వంగితే పక్కకు విసిరేసేది. ఏళ్ళ తరబడి చేసిన పనికి ఆమె చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండేవి. ఆ పచ్చదనం ఏ నీళ్ళకూ పోయేది కాదు.

ఇంట్లో పేరంటం ఉంటే ఆమెను షెడ్డులోంచి బయటికి రానిచ్చేవారు కాదు. విధవ ఎదురు రాకూడదు. ఆ పేరంటంలో ముత్తైదువల కాళ్ళకు రాసే పసుపు ఆమె ఏరిందే, ఆమె దంచిందే. దానికి ఆమెకు కోపం కూడా వచ్చేది కాదు. "సంచిల ఉన్నంతసేపు నాది. గిన్నెలకు పోయినంక వాళ్ళ మొగోళ్ళది" అనేది, అంతే.

మనుషులను కూడా సరుకు లాగే ఏరేది. మా మామ తడి సంచి. తూకం ఎక్కువ, లోపల ఏమీ లేదు. మా అత్తమ్మ పైన పాలిష్, లోపల పురుగు. మా ఆయన చూర. ఆయన గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. ఇంట్లో గొంతులు పెరిగినప్పుడల్లా ఆయనకు యార్డులో పని గుర్తొచ్చేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను పైనుంచి కిందికి చూసి, "గీ పోరి ఆరని కొమ్ము. ఇరుద్దమంటె ఇరగదు, వంగుతది" అన్నది.

అబద్ధం కాదు. మాది ఆలూర్ దగ్గర ఊరు. ఏడో తరగతితో చదువు ఆపించారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అత్తింట్లో నేను మాట్లాడిన మాటలు ఏరితే గుప్పెడు కూడా రావు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు కానీ అక్కడ నన్ను చూసే ఆడదిక్కు లేదు. అందుకని ఇక్కడే ఉండిపోయాను. కడుపులో బిడ్డ ఉన్న ఆడది ఏం తెలుసుకోవాలో నాకు చెప్పేవాళ్ళు లేరు. అడగడానికి నాకు నోరు లేదు.

మా అత్తమ్మ వంటింట్లో పాలపొడి డబ్బాలు ఒక వరుసగా ఉండేవి. ఒకదాంట్లో జీలకర్ర, ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో చింతగింజలు. మా ఆయన తాగినవి, ఆయన తమ్ముడు తాగినవి. రేకు తుప్పు పట్టినా వాటి మీది బొద్దు పాప బొమ్మను మాత్రం తుడిచి తుడిచి కాపాడుకుంది. ఇంటికి ఎవరు వచ్చినా, "మా ఇంట్ల ఆడోళ్ళకు పాలు పడయి. మా పిల్లలంత డబ్బ పాలే" అని చెప్పేది. మా ఇంట్లో కారు ఉంది అన్నట్టు చెప్పేది. పాలు లేకపోవడం గొప్పతనమని నేను అక్కడే నేర్చుకున్నాను. చంటిబిడ్డకు పాలిచ్చేది కూలికి పోయే ఆడవాళ్ళట. కమీషన్ దుకాణం వాళ్ళు డబ్బా కొంటారట.

నాకు ఏడో నెల రాగానే మా మామ నిజామాబాద్ నుంచి కొత్త డబ్బా, గాజు సీసా, రబ్బరు పీక తెచ్చాడు. అత్తమ్మ డబ్బాకు బొట్టు పెట్టి దేవుడి అల్మారాలో దాచింది. బిడ్డ కంటే ముందు డబ్బాకే పురుడు పోశారు. సరుకు చూడకుండా ధర చెప్పే వాడిని మా మామ యార్డులో కూర్చోనివ్వడు. నాకు మాత్రం పాలు రావని ఇంట్లో అందరూ చూడకుండానే తేల్చేశారు. నేనూ నమ్మాను. రాత్రీ పగలూ నాకు అదొక్కటే బెంగగా ఉండేది. నా బిడ్డకు నా దగ్గర ఏమీ ఉండదు.

పనేమీ చేయనివ్వని రోజుల్లో నేను షెడ్డులోకి వెళ్ళి పెద్దమ్మ పక్కన కూర్చుని కొమ్ములు ఏరేదాన్ని. అప్పుడే నా రవిక మీద పచ్చటి మరకలు పడటం మొదలైంది. పసుపు చేతులు ఒంటికి తుడుచుకుంటున్నానని అత్తమ్మ మందలించింది. చేతులు కడుక్కునే ముట్టుకున్నాను. మళ్ళీ పడ్డాయి. నాకే తెలియకుండా తుడుచుకుంటున్నానేమో అనుకున్నాను. నీళ్ళ తొట్టి దగ్గర ఆ రవిక ఉతుకుతుంటే పెద్దమ్మ వచ్చి నిలబడింది.

"ఇటు తే."

"పసుపు అంటింది, పెద్దమ్మా" అన్నాను.

ఆమె సబ్బు తీసుకుని నా రవిక మరక మీద రుద్దింది. తర్వాత తన కొంగు మీది మరకను రుద్దింది. ఆమె కొంగు కుంకుమ రంగుకు తిరిగింది. నా రవిక ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది.

"పసుపుకు సబ్బు తాకితె ఎర్రగైతది. గీ ఊర్ల పుట్టిన పిల్లకాయకు సుత తెల్సు. గిది ఎర్రగైందా?"

"కాలేదు."

"మరి పసుపెట్లైతదే? సన్నుపాలు గివి. డబ్బ ముందుగాల వచ్చిందని మీ అత్త ఎగురుతుంది. నీ పాలు నీకు సెప్పకనే తయారైతున్నయి."

ఆ మాట పట్టపగలు, తొట్టి దగ్గర, మామూలు గొంతుతో అన్నది. ఎవరైనా విన్నారేమో అని నేను చుట్టూ చూశాను. మా ఇంట్లో ఒంట్లోని ఆ భాగానికి పేరు లేదు. 'అది' అనేవారు, లేదా గొంతు తగ్గించి కళ్ళతో చూపేవారు. పెద్దమ్మ ఉప్పు, చింతపండు అన్నట్టు అనేసింది. తల వంచుకునే, పాలు పచ్చగా ఉంటాయా అని అడిగాను. మొదటి పాలు అట్లాగే ఉంటాయన్నది. బర్రె ఈనితే అవే పాలను జున్నని వాడకట్టంతా పంచుకుంటారని, ఆడది బిడ్డను కంటే మాత్రం మూడు రోజులు పిండి పారబోయిస్తారని, మా అత్తమ్మ కూడా అదే చేయిస్తుందని చెప్పింది. ఇవన్నీ ఆమెకు ఎట్లా తెలుసని అడిగాను.

"నాకేం తెల్సు? గీ ఇంట్ల ఏదంటె దానికి ఉల్టా చేస్తె సరిపోతది" అన్నది.

ఆమెకు ఎప్పుడైనా బిడ్డ పుట్టిందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

ఆమె చెప్పినవన్నీ నిజాలు కావు. చల్లటి నీళ్ళు తాగితే పాలు గడ్డకడతాయన్నది, వంకాయ తింటే బిడ్డకు గజ్జి అన్నది. దవాఖానలో నర్సమ్మ తర్వాత వాటిని నవ్వి కొట్టిపారేసింది. కానీ పక్కింటావిడ వచ్చి, ముందునుంచే గరుకు గుడ్డతో రుద్దుకుంటే చర్మం మొద్దుబారి బిడ్డ చప్పరించినా నొప్పి ఉండదని చెప్పిపోతే, "గది ఇత్తడి చెంబా, తోముడానికి?" అని నా చేతిలోని గుడ్డ లాగి అవతల పారేసింది.

షెడ్డులో పనికి వచ్చే ఆడవాళ్ళలో ఒకామెకు నెలల పిల్లవాడు ఉండేవాడు. పెద్దమ్మ ఆమెను రోజంతా తిడుతూనే ఉండేది. ఏరుడు నెమ్మది, మాట్లాడుడు ఎక్కువ అని. ఒక రోజు నన్ను తీసుకెళ్ళి ఆమె ఎదురుగా కూర్చోబెట్టి చూడమన్నది. నేను నేలను చూశాను. గడ్డం పట్టి తల ఎత్తింది. పనిమనిషి నవ్వి, "చూడమ్మా, నాదేం అరిగిపోతది" అని కొంగు పక్కకు తీసింది. పిల్లవాడి నోరు ఆవులించినట్టు పెద్దగా తెరుచుకుని ఉంది. గడ్డం తల్లికి ఒత్తుకుని ఉంది, ముక్కుకు గాలి ఆడుతోంది. కొసను మాత్రమే పట్టిస్తే పుండవుతుందని, నల్లటి భాగమంతా నోట్లోకి పోవాలని పెద్దమ్మ కొమ్ముతో చూపిస్తూ చెప్పింది. పసుపు నాణ్యం చెప్పినట్టే చెప్పింది.

ఆ తర్వాత నా చేత చేయించిన పని చెబితే మీరు నవ్వుతారు. నమూనాకు వాడే చిన్న గుడ్డ సంచిలో పసుపు నింపి, మూతి కట్టి, బిడ్డ అనుకోమని నా ఒళ్ళో పెట్టింది. కొమ్ములు పొడుచుకునేవి. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుము కింద. నేను సంచి మీదికి వంగితే వీపు మీద ఒక్కటి వేసేది. "నువ్వు వంగద్దు. బిడ్డనే నీ తానకు గుంజుకోవాలె. పుట్టినప్పటి నుంచి వంగుడే నేర్సినవ్ నువ్వు."

ఒకరోజు సిగ్గుతో, ఆ రోజు నువ్వే పక్కనుండి పట్టించరాదా పెద్దమ్మా అన్నాను. నా వైపు చూడకుండా కొమ్ములు ఏరుతూ చెప్పింది. "పురిటి గడప ముండమోపి దాటద్దంటరు. నన్ను రానియ్యరు. గా దినం నువ్వొక్కదానివే. అందుకే గీ సంచికి నేర్సుకో."

ఎండలు ముదిరి, యార్డు పసుపుతో నిండిపోయిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఇంట్లోనే నాకు పాప పుట్టింది. మంత్రసాని పాపను తుడిచి నా పక్కన పడుకోబెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అత్తమ్మ, ఆమెతో పాటు వాడకట్టు ఆడవాళ్ళు ఇద్దరు గదిలో ఉన్నారు. నీళ్ళు కాచి ఉన్నాయి. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. పాలు కలిపే ముందు ఆచారం ప్రకారం నా మొదటి పాలు తెల్లగుడ్డలోకి పిండింది అత్తమ్మ. గుడ్డ పచ్చబడింది. దాన్ని అందరికీ ఎత్తి చూపింది.

"చూసిన్రా? మా వదినె షెడ్డుల కూసోవెట్టి పసుపంత పట్టిచ్చింది. గా పసుపు పాలల్లకు దిగింది. గిది బిడ్డకు తాపితె ఇంకేమన్న ఉన్నదా?"

పసుపు కొమ్ములు ఏరితే పాలలోకి పసుపు దిగుతుందని నమ్మే మనుషులు ఆర్మూర్‌లో తప్ప ఇంకెక్కడా దొరకరు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు నిజమే అన్నట్టు తలలూపారు. పెద్దమ్మ చెప్పింది నిజమో, వీళ్ళు చెప్పేది నిజమో నాకు ఆ క్షణంలో తెలియలేదు. పాప నోరు తెరిచి వెతుక్కుంటోంది.

గడప అవతలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "గా గుడ్డ ఇటు పడెయ్యి."

"లోపటికి రాకు, వదినె" అన్నది అత్తమ్మ.

"రాను. కట్టడి నా కాళ్ళకు, నోటికి కాదు. పడెయ్యి."

పొద్దున నాకు నొప్పులు మొదలైనప్పటి నుంచి ఆమె కొంగున సబ్బుముక్క కట్టుకుని ఆ గడప దగ్గరే కూర్చుందని నాకు తర్వాత తెలిసింది. అత్తమ్మ గుడ్డను గడప అవతల నేల మీదికి విసిరింది. పెద్దమ్మ చెంబు నీళ్ళు చల్లి గుడ్డను సబ్బుతో రుద్దింది. పచ్చగానే ఉంది. అదే సబ్బుతో తన అరచెయ్యి రుద్దుకుంది. చెయ్యి ఎర్రగా తిరిగింది. రెండూ పక్కపక్కన ఎత్తి పట్టుకుంది.

"కండ్లున్నయి గద. ఏది పసుపు? ఏది పాలు?"

వాడకట్టు ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. అత్తమ్మ తడబడింది కానీ తగ్గలేదు. ఏదైనా సరే పచ్చపాలు మంచివి కావన్నది. వాళ్ళమ్మ పారబోసిందట, వాళ్ళత్త పారబోసిందట, తాను పారబోసిందట. ఆ ఇంటి ఆడవాళ్ళకు పాలే పడవట.

"ఎట్ల పడతయే?" అన్నది పెద్దమ్మ. "వచ్చినయి పారబోసిన్రు. బిడ్డ నోట్ల పీక పెట్టిన్రు. గిరాకి లేని దుకాణానికి సరుకు ఎక్కడికెల్లి వస్తది? యాపారమోని పెండ్లానివి, గంత తెల్వదా? పచ్చగ లేకపోతె యార్డుల మొకం సుత చూడరు మీరు. గదే పచ్చదనం ఆడిదాని సన్నుల ఉంటె ఇషమా?"

వాళ్ళు అట్లా అరుచుకుంటుండగా నేను గోడ వైపు తిరిగాను. నాకు ధైర్యం వచ్చిందని అనుకోవద్దు. నా చేతులకు పని తెలుసు, అంతే. ఒకటి మెడ కిందికి, ఒకటి నడుము కిందికి వాటంతటవే పోయాయి. సంచి కంటే పాప మెత్తగా ఉంది. మొదటిసారి కొసకే పట్టింది, ప్రాణం పోయినంత నొప్పి. వేలు పెట్టి విడిపించాను. మళ్ళీ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, నేను వంగకుండా, దగ్గరికి లాక్కున్నాను. పట్టింది. కాసేపటికి గుటక వేసిన చప్పుడు వినిపించింది. పిచ్చుక నీళ్ళు తాగినంత చప్పుడు.

వెనక అరుపులు ఎప్పుడు ఆగాయో తెలియదు. అత్తమ్మ సీసా చేత్తో పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది.

"ఏం చేస్తున్నవ్?"

"తాపుతున్న, అత్తమ్మా."

ఆ ఇంట్లో అడిగినదానికి నేను అంత గట్టిగా జవాబు చెప్పడం అదే మొదలు. గడప దగ్గర టక్కుమని చప్పుడైంది. పెద్దమ్మ కొమ్ము విరిచింది.

"ఆరింది" అని లేచి షెడ్డులోకి వెళ్ళిపోయింది.

ఆ డబ్బా పొడితో మా మామ వానాకాలమంతా చాయ్ తాగాడు. ముసలితనంలో తమ్ముడికి డబ్బా పాలు రాసిపెట్టి ఉన్నాయన్నది పెద్దమ్మ. అత్తమ్మ మాత్రం కొద్ది రోజులకే వచ్చినవాళ్ళతో, తమ కోడలికి పాలు మంచిగా పడ్డాయని, తాను చేసిన పథ్యం అలాంటిదని చెప్పడం మొదలుపెట్టింది. దేవుడి అల్మారాలో డబ్బా ఉన్న చోట నా కూతురి వెండి మొలతాడు పెట్టింది. ఇలాంటివాళ్ళు ఓడిపోరు. గెలిచినవాళ్ళ పక్కకు వచ్చి నిలబడతారు, అంతే.

పెద్దమ్మ నా కూతురిని ముద్దు చేసింది లేదు. గుండ్రంగా ఉందని గుండు అని పిలిచేది. మాటలు వచ్చాక నా కూతురు ఆమెను చూర అవ్వ అన్నది. అవ్వ బుగ్గ గిల్లితే పచ్చటి వేలిముద్ర పడేది. అత్తమ్మ వెంటనే కొంగుతో తుడిచేసేది. నా కూతురు మళ్ళీ షెడ్డులోకి పరిగెత్తి ఇంకో బుగ్గ పెట్టేది.

పెద్దమ్మ పోయిన రోజు ఆమెకు వాకిట్లో స్నానం చేయించారు. విధవ మనిషి పసుపు చేతులతో పోతే ఇంటికి అరిష్టమని ఎవరో అన్నారు. అత్తమ్మ లోపలికి వెళ్ళి సబ్బు తెచ్చింది. ఒంటి సబ్బు కూడా కాదు, బట్టల సబ్బు. ఇద్దరు కూర్చుని ఆ చేతులను రుద్దారు. చేతులు ఎర్రబడ్డాయి. భయపడి నీళ్ళు పోశారు. మళ్ళీ పచ్చబడ్డాయి. ఇంకా గట్టిగా రుద్దారు, ఇంకా ఎర్రబడ్డాయి. పసుపు ఉంచడానికి లేదు, కుంకుమ రంగు అసలే ఉంచడానికి లేదు. పుట్టినప్పటి నుంచి పసుపు మధ్య బతికిన ఆడవాళ్ళు, ఏం చేయాలో తోచక ఆ చేతుల వైపు చూస్తూ కూర్చున్నారు. నేను నోరు మూసుకుని చెంబుతో నీళ్ళు అందించాను. అవ్వ చేతులు ఎందుకు ఎర్రగా అయ్యాయని నా కూతురు అడిగింది. అది నిజమైన పసుపు కాబట్టి అన్నాను.

పొద్దు పోతోందని మగవాళ్ళు తొందర పెట్టారు. సబ్బు నురుగు కడగకుండానే ఆ చేతులను ఒంటికి చేర్చి, పైన తెల్లగుడ్డ కప్పేశారు. పాడె లేచింది. నేను వాకిట్లో నా కూతురిని ఎత్తుకుని నిలబడ్డాను. తడి గుడ్డలోంచి రెండు అరచేతులు మెల్లగా ఎర్రగా తేలి, వీధి మలుపు దాకా కనిపించాయి.